రాహుకాలంలో ఎక్కిన మూట

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఒక కథ చెబుతారు. ఎవరు చెప్పినా కథ ఒకటే. అప్పట్లో ఇక్కడ ఒకావిడ పనిచేసేది, మనిషి చెయ్యి పడకుండా ప్రోగ్రాము దానంతటదే తయారై అన్ని ఊళ్లకూ వెళ్లిపోయే ఏర్పాటు ఒకటి చేసింది, ఒక శుక్రవారం రాహుకాలం అని కూడా చూడకుండా దాన్ని ఎక్కించేసింది, ఆ రోజు ల్యాబులవాళ్లు గగ్గోలు పెట్టారు. చెప్పేవాళ్లు నవ్వుతారు, వినేవాళ్లూ నవ్వుతారు. చివర్లో ఎవరో ఒకరు నా వైపు చూసి, "ఆ రోజు సారు చేత్తో ఎక్కించిందే నిలబడింది" అంటారు.

ఈ కథ తప్పు. తప్పని మొదటి నుంచీ తెలిసినవాణ్ని ఆ గదిలో నేనొక్కణ్నే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. ఇప్పటికే చాలా ఆలస్యమైంది.

ఆఫీసు విజయనగరంలో, ఒక మందుల దుకాణం మీద రెండు గదులు. నడిపేది మా మేనత్త కొడుకు, నాకు బావ. అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు. వాళ్లది గంట్యాడ వైపు వ్యవసాయ కుటుంబం. విత్తనం చల్లడానికి తిథి చూసినట్టే కంప్యూటరు కొనడానికీ చూసేవాడు. మేం చేసే సాఫ్ట్‌వేరు చిన్న చిన్న రక్తపరీక్షల ల్యాబులకు. ల్యాబులో రిపోర్టు తయారవగానే రోగి ఫోనుకు మెసేజీ వెళుతుంది. అదీ మా సరుకు. బొబ్బిలి, రాజాం, పాలకొండ, టెక్కలి, ఇలా రెండు జిల్లాల్లోనూ మా ల్యాబులుండేవి.

మొదటి అయిదారేళ్లు ఆ ప్రోగ్రామును ల్యాబులకు చేర్చే పని నాది. పెన్‌డ్రైవు జేబులో పెట్టుకుని బస్సెక్కేవాణ్ని. ఒక ల్యాబులో కంప్యూటరు పాతది, ఇంకో చోట అసలు ఉండాల్సిన ఫైళ్లే ఉండవు, మరో చోట ఎవరో పిల్లల ఆటలు ఎక్కించి ఉంచుతారు. ఆఫీసులో చక్కగా నడిచింది అక్కడ నడవదు. "నా దగ్గర పనిచేసిందండీ" అన్న మాట నేను ఎన్ని ఊళ్లలో అన్నానో చెప్పలేను. నడుం నొప్పి ఆ బస్సుల్లో మొదలైందే.

రెండు వేల పదిహేడు ప్రాంతంలో ఆవిడ చేరింది. ముప్పై దాటిన మనిషి. ఊరు కొత్తవలస. భర్త అక్కడే రైల్వేలో కరెంటు పని చేసేవాడు. విశాఖపట్నంలో మంచి ఉద్యోగమే చేసేదట. రెండో బిడ్డ పుట్టాక అంత దూరం తిరగలేక, ప్యాసింజరు బండిలో వచ్చి వెళ్లగలిగే చోటు కోసం వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. జీతం తక్కువని తెలిసే వచ్చింది. సాయంత్రం బండికి ఇంటికి చేరితే చాలు, ఆవిడ అడిగింది అంతే. ఆదివారాలు వాళ్ల బాప్టిస్టు మిషను చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆఫీసులో కూడా పని కుదిరిన రోజున లోలోపల ఏదో రాగం తీసేది.

కంటైనర్ అనే మాట నేను మొదట విన్నది ఆవిడ నోటే. బావకు ఆవిడ చెప్పిన తీరు నాకింకా గుర్తుంది.

"పెళ్లికి వంటవాణ్ని పిలిస్తే ఏటి సేస్తాడు సార్? మన ఇంట్లో గిన్నెలున్నాయా, పొయ్యి ఉన్నాదా అని అడగడు. గిన్నెలు, గరిటెలు, గ్యాసు బండ, పోపు గింజలతో సహా అన్నీ ఒకే ఆటోలో ఏసుకుని వస్తాడు. ఎక్కడ దించినా వంట ఒకేలా ఉంటాది. మన ప్రోగ్రాముని కూడా అలా అన్నీ కలిపి మూట కట్టీడమే. ఆ మూటనే ఇమేజ్ అంటారు, దాన్ని విప్పి నడిపితే కంటైనర్."

"అంటే మా బావ బస్సెక్కక్కర్లేదేటి?" అన్నాడు బావ.

"అక్కర్లేద్సార్. మూట దింపుకుంటే సరి."

ఆ రోజు నుంచి బావ నోట్లో ఇమేజ్‌కి మూట అనే పేరు నిలిచిపోయింది. "మూట ఎక్కిందా?" అంటే కొత్త ఇమేజ్ అందరికీ అందేలా పైకి పంపారా అని.

ఆవిడ కట్టిన ఏర్పాటును పైప్‌లైన్ అంటారు. మేం లైను అనేవాళ్లం. మేం రాసిన మార్పును అప్పగించగానే లైను ఒక శుభ్రమైన ఖాళీ చోట మొదటి నుంచీ మూట కడుతుంది, దాన్ని రకరకాలుగా పరీక్షిస్తుంది, అన్నీ సరిపోతే ఎక్కడో దూరంగా ఇంటర్నెట్లో ఉన్న గోదాములో పెట్టి దానికి 'లేటెస్ట్' అని చీటీ కడుతుంది. ప్రతి ల్యాబులోనూ మేం పెట్టిన చిన్న పెట్టె కాసేపటికోసారి గోదాముకు వెళ్లి ఆ చీటీ ఏ మూటకుందో చూసి, కొత్తదైతే దించుకుని నడుపుకుంటుంది. అంతా ఆ చీటీ మీదే ఆధారపడి ఉంటుంది. కొత్త మూటకు చీటీ కట్టిన క్షణం పాతది ఇంకెవరికీ కనబడదు.

"చీటీ లైను ఒక్కటే కట్టాలి సార్" అని ఆవిడ మొదట్లోనే నాతో అంది. "మనం మన మిషన్లోంచి సేత్తో కట్టకూడదు. మన ఫోల్డర్లో ఏ సెత్త ఉంటే అది మూటలోకి ఎల్లిపోద్ది. లైను దగ్గర ఆ గొడవ లేదు, అది ఎప్పుడూ కడిగిన గిన్నెతోనే మొదలెడతాది."

నాకు అర్థమైంది. ఇది ముఖ్యం. నాకు తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

మొదటి నెల లైను దాని పాటికి అది నడిచింది. అమావాస్య లేదు, వర్జ్యం లేదు. మార్పు అప్పగించిన గంటలోపు ల్యాబుల్లో ఉండేది. బావకు అది మింగుడు పడలేదు. ఒక పొద్దున టీ తాగుతూ ఆవిడ బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏటమ్మా, నిన్న అమావాస్య పూట మూట ఎక్కించీసినావట?"

"నేను ఎక్కించలేద్సార్, లైను ఎక్కించింది."

"లైనుకి తెలీదు. నీకు తెలీదేటి?"

"మాకు అన్నీ దేవుడిచ్చిన రోజులే కద్సార్."

గదంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, కానీ టీ మధ్యలో వదిలేసి వెళ్లాడు. మర్నాడు ఆవిడే ఒక మార్పు చేసింది. మూట కట్టడం, పరీక్షించడం అయ్యాక లైను ఆగి కూర్చుంటుంది. ఎవరో ఒకరు మీట నొక్కితేనే గోదాముకు పంపి చీటీ కడుతుంది. ఆ లైను ఏమేం చేయాలో రాసి ఉండే ఫైలులో, సరిగ్గా ఆగాల్సిన చోట, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో ఒక మాట రాసిపెట్టింది: మంచి గంట కోసం ఆగు.

"పెద్దాయన మనసు కూడా కుదుటపడాలి కద్సార్" అంది నాతో. "మూట తయారుగా ఉంటాది. గంట మీరు సూసుకోండి."

గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు చూడ్డం, మీట నొక్కడం నా పనైంది. బస్సులు తప్పాయి, పెన్‌డ్రైవు తప్పింది. ఇన్నేళ్లూ నేను చేసిన పనిలో నాకు మిగిలింది ఆ మీట ఒక్కటే. దాన్ని నొక్కేటప్పుడు నేను కొంచెం నిటారుగా కూర్చునేవాణ్ని. ఇదీ దాచను.

ఆ శుక్రవారం సాలూరులో కొత్త ల్యాబు ప్రారంభం. ఆ ల్యాబు పేరు, గుర్తు కలిపిన కొత్త మూట ఆ పొద్దున ఎక్కాలి. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుంది. ఆలోపే మొదటి రిపోర్టు బయటికి రావాలని ల్యాబు యజమాని పట్టు. బావ తెల్లవారగానే సాలూరు వెళ్లిపోయాడు. ముందు రోజే అంతా సిద్ధమైపోయింది కూడా. అయితే పొద్దున్నే ఆ యజమాని ఫోను చేసి, రిపోర్టు కాగితం పైన 'శ్రీ' అని ఉండాలన్నాడు. ఆ చిన్న మార్పు నేనే నా లాప్‌టాపులో చేసి లైనుకు అప్పగించాను. మార్పు చిన్నదైనా లైను మళ్లీ మొదటి నుంచీ మొదలుపెడుతుంది. ఆ రోజు నెట్టు కూడా నత్తనడక నడుస్తోంది.

పది దాటుతుండగా బావ ఫోను.

"బావా, కొబ్బరికాయ కొట్టీసినారు. పంతులు వాచీ సూస్తన్నాడు. మూట ఎక్కిందేటి?"

"ఎక్కతాది బావా. పరీక్షలు నడస్తన్నాయి."

"పరీక్షలేటి ఇప్పుడు, మన బుర్ర తినడానికి కాపోతే! పదిన్నర దాటితే ఈయన మిషను ముట్టుకోడు. బేగి కానీ."

ఆవిడకు ఫోను చేశాను. బండిలో ఉంది. కోరుకొండ దగ్గర సిగ్నలు ఇవ్వక ఆపేశారట. వెనక ఎవరో పల్లీలు అమ్ముతున్న కేక వినబడుతోంది.

"లైను ఆగిపోయిందమ్మా."

"ఆగలేద్సార్. ఫోన్లో సూస్తనే ఉన్నాను. మెల్లగా నడస్తన్నాది, అంతే. ఉండండి, అదే అవుద్ది."

"సాలూర్లో పంతులు కూకున్నాడమ్మా."

"పంతులుకి ఇంకో కాఫీ ఇమ్మనండి సార్. సేత్తో మాత్రం కట్టకండి."

"కట్టన్లే."

అని ఫోను పెట్టేసి, నా లాప్‌టాపులో మూట కట్టడం మొదలుపెట్టాను. పాత అలవాటు కొద్దీ చేతులు వాటంతటవే కదిలాయి. మూట కట్టి, గోదాముకు పంపి, 'లేటెస్ట్' చీటీ దానికి కట్టేశాను. గోదాముకు మా ఆఫీసు మొత్తానికీ ఒకటే తాళంచెవి, అంటే పాస్‌వర్డు, అందరం అదే వాడేవాళ్లం. పదిన్నరకు ఇంకా కాస్త టైముంది. సాలూరులో 'శ్రీ'తో సహా మొదటి కాగితం బయటికి వచ్చింది. "శభాష్ బావా" అన్నాడు బావ. వెనక మేళం వినబడింది.

నా ఫోల్డరులో నేను మరిచిపోయింది ఒకటుంది. పరీక్షలు చేసుకునేటప్పుడు నిజమైన రోగులకు మెసేజీలు పోకుండా, అన్నీ ఆఫీసులోని ఒక పాత ఫోనుకే వచ్చేలా మేం ఒక చిన్న ఫైలు పెట్టుకుంటాం. అది నా ఫోల్డరులో ఉంది. మూటలోకి వెళ్లింది. లైను కట్టి ఉంటే అది ఎప్పటికీ వెళ్లదు, దాని దగ్గర ఆ ఫైలే లేదు.

ఆ పాత ఫోను నా బల్ల సొరుగులో ఉండేది. బటన్ల ఫోను. నేను రెండో టీ తాగుతుండగా సొరుగులో ఏదో గురగురమంది. పిన్నుల డబ్బాకు తగిలి ఆ చప్పుడు పెద్దదైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. సొరుగు లాగి చూస్తే టెక్కలిలో ఎవరికో వెళ్లాల్సిన మెసేజీ. దాని కింద రాజాం. దాని కింద పాలకొండ, పాలకొండ, బొబ్బిలి. మీ రిపోర్టు సిద్ధంగా ఉంది, మీ రిపోర్టు సిద్ధంగా ఉంది. నేను చూస్తుండగానే ఇంకొకటి వచ్చి పడింది. ఆ మెసేజీ కోసం ఫోను చేతిలో పట్టుకుని ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లంతా ఆ క్షణంలో నా సొరుగులో ఉన్నారు.

స్క్రీను చూశాను. లైను పరీక్షలన్నీ ఎప్పుడో ముగించేసింది. సరైన మూట కట్టి, మంచి గంట కోసం ఆగి కూర్చుంది. అప్పటికి పదకొండు దాటింది. నడి రాహుకాలం. మీట నొక్కాను. సరైన మూట ఎక్కింది, చీటీ దానికి మారింది, ల్యాబుల్లోని పెట్టెలు ఒక్కొక్కటే దాన్ని దించుకున్నాయి. కాసేపటికి సొరుగు సద్దుమణిగింది. అప్పటికే అందులో పడ్డ మెసేజీలు మాత్రం మళ్లీ ఎవరికీ వెళ్లవు. ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, రెండూ కాగితాల అడుగున పెట్టాను.

ఆవిడ వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. జుట్టు చెదిరిపోయి ఉంది. "సిగ్నలివ్వలేద్సార్, స్టేషన్నుంచి పరిగెత్తుకొచ్చాను" అంది. చెంబెడు నీళ్లు తాగి కూర్చుందో లేదో ఫోన్లు మొదలయ్యాయి. తీసింది ఆవిడే. పాలకొండ ల్యాబాయన గొంతు నా దాకా వినబడింది.

"ఏటండీ మీ మెసేజీలు? పొద్దున్నుంచి ఒక్కడికీ రాలేదంటన్నారు. జనం నా మీద పడిపోతన్నారు!"

ఆవిడ నోట్ చేసుకుంటూ, క్షమించమంటూ, ఒక్కొక్క ల్యాబుకూ సమాధానం చెప్పింది. నేను ఎదురుగా కూర్చుని ఏదో పని ఉన్నట్టు కీబోర్డు నొక్కుతున్నాను. పాలకొండలో ఒకాయన భార్య రిపోర్టు కోసం ల్యాబు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాడని తర్వాత తెలిసింది. మెసేజీ వచ్చాకే లోపలికి రావాలని ముందెవరో చెప్పారట. రిపోర్టు పొద్దున్నే తయారై లోపల బల్ల మీదుంది. ఆ మనిషి ఎవరో నేను కనుక్కోలేదు.

సాయంత్రం బావ సాలూరు నుంచి లడ్డూల పెట్టెతో వచ్చాడు. గొడవ సంగతి దారిలోనే ఫోన్లో విన్నాడు. లడ్డూలు బల్ల మీద పెట్టి నేరుగా స్క్రీను దగ్గరికి వెళ్లాడు. లైను మూట ఎక్కించిన టైము అక్కడ కనబడుతుంది, మీట ఎవరు నొక్కిందీ కనబడదు.

"పదకొండు దాటాక ఎక్కించినాదా! శుక్కురోరం!" అని ఆవిడ వైపు తిరిగాడు. "రైల్లోంచే నొక్కీసినావేటమ్మా?"

"నేను నొక్కలేద్సార్."

"మరెవలు నొక్కినారు? దెయ్యమా?" నా వైపు చూశాడు. "నువ్వు మంచి గంటలోనే కదా ఎక్కించినావు బావా?"

నేను అన్నది ఒకటే మాట.

"పదిన్నర లోపే ఎక్కించీసాను."

అందులో అబద్ధం లేదు. అందుకే నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. బావ తలలో లెక్క సరిపోయింది. నేను మంచి గంటలో ఎక్కించిన మూట బాగుంది, దాని మీద ఈవిడ రాహుకాలంలో ఇంకోటి ఎక్కించి పాడు చేసింది. జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో వినడానికి చూసినట్టు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు బావ. "మీకు ఇయ్యేవీ పట్టవని తెల్సు. కానీ ఆ లైను ఆపీ. మా బావ సేత్తోనే బావుంది."

"సరే సార్" అంది ఆవిడ. కూర్చుని లైను ఆపేసింది. సాయంత్రం బండికి టైమైందని లడ్డూ తినకుండానే వెళ్లిపోయింది.

తర్వాత ఆవిడకు ఫోన్లెత్తే పని ఇచ్చారు. తెలివైన మనిషి, రోజంతా "మీ పెట్టె ఒకసారి ఆపి ఎయ్యండి సార్" అంటూ కూర్చునేది. మిగతావాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. "మేడం, ఇవాళ రాహుకాలం ఎన్నింటికి?" మొదట్లో ఆవిడా నవ్వేది. రాగాలు తీయడం మానేసింది. కొన్నాళ్లకు మళ్లీ విశాఖపట్నంలోనే ఉద్యోగం చూసుకుని రాజీనామా ఇచ్చింది. పిల్లలు నిద్ర లేవకముందు బయలుదేరి, వాళ్ల అన్నాలయ్యాక ఇంటికి చేరే ఉద్యోగం. దాన్ని తప్పించుకోవడానికే మా దగ్గరికి వచ్చిన మనిషి. చివరి రోజు అందరికీ కేకు ముక్కలు పంచింది. నా ముక్క కాగితం పళ్లెంలో పెట్టి నా బల్ల మీద ఉంచి వెళ్లింది.

ఆ తర్వాత మూటలు నేనే చేత్తో కట్టాను. పాత ఫోనుకు బ్యాటరీ మళ్లీ వేసి సొరుగులోనే ఉంచాను. ప్రతిసారీ ఫోల్డరులో ఏమేం ఉన్నాయో వెతకడం, భయపడడం, పంపాక సొరుగు వైపు చూడడం. ల్యాబులు పెరిగాయి. నా వల్ల కాలేదు. ఒక రోజు ఎవరికీ చెప్పకుండా ఆవిడ లైను తెరిచి మళ్లీ నడిపించాను. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చాల్సింది ఏమీ లేదు. బావ గమనించి, "ఇది నువ్వు సేసినావేటి?" అనడిగాడు. "ఉన్నదాన్నే బాగు చేశాను" అన్నాను. ఇదీ ఆ మొదటి మాట లాంటిదే.

ఈమధ్యనే, ఆఫీసు పెట్టి ఇన్నేళ్లయిందని బావ చిన్న సభ పెట్టాడు. నాకు శాలువా కప్పాడు. మైకు పట్టుకుని ఆ రాహుకాలం కథ మొత్తం చెప్పాడు, ఆవిడ మాట తీరును అనుకరిస్తూ. కొత్తగా చేరినవాళ్లు పడీ పడీ నవ్వారు. శాలువా కింద నాకు చెమట పట్టింది. ఇంటికొచ్చి దాన్ని మడత పెట్టలేదు, కుర్చీ మీదే పడేశాను.

ఆ ఆదివారం కొత్తవలస వెళ్లాను. ఆరాధన ముగిసి జనం బయటికొస్తున్నారు. ఆవిడ నన్ను చూసి ఆగింది. పిల్లల్ని భర్తతో పంపించి, చర్చి ప్రహరీ నీడలోకి వచ్చి నిలబడింది. మనిషి చిక్కింది.

"ఏటి సార్, ఇలా వచ్చారు?"

"ఆ శుక్రవారం..." అన్నాను.

"మీరు సేత్తో కట్టారు. తెల్సు సార్."

"ఎప్పుడు తెలిసింది?"

"పదిన్నర లోపే ఎక్కించీసాను అన్నారు కదా, అప్పుడే. పదిన్నరకి లైను ఇంకా పరీక్షల్లోనే ఉన్నాది. రైల్లోంచి సూస్తనే ఉన్నాను."

"మరి చెప్పలేదేమ్మా?"

"మీరు సెప్తారని సూసాను. ఆ సాయంత్రం సూసాను. మర్నాడు సూసాను. తర్వాత సూడ్డం మానీసాను." చెంగుతో మొహం తుడుచుకుంది. "నేన్సెప్తే ఏటవుద్ది సార్? ఆయనకి మీరు బావ. నేను అమావాస్య ఆవిడ్ని."

క్షమించమన్నాను.

"క్షమిస్తాను, సార్. అది మాకు వారం వారం ఉన్న పనే" అని చిన్నగా నవ్వింది. నవ్వు వెంటనే పోయింది. "విశాఖపట్నం ఇంటర్వ్యూలో అడిగారు. మీరు కట్టిన లైను ఎందుకు ఆపీసారు అని. రాహుకాలం అంటే నవ్వుతారని, నా వల్ల ఒక తప్పు జరిగింది అని సెప్పాను. ఇప్పటికీ అక్కడ మూట పంపే ముందు నా పని ఇంకొకరు సరిసూస్తారు."

నేను చేతులు జోడించాను.

"నాకు సెప్పడానికి ఇంత దూరం రానక్కర్లేద్సార్. నాకు తెల్సిన సంగతే. తెలీనోళ్లకి సెప్పండి."

సోమవారం బావకు చెప్పాను. మొత్తం విన్నాడు. సొరుగు సంగతి దగ్గర కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడెవలికి గుర్తున్నాది బావా? ఒగ్గీ" అన్నాడు.

"మొన్ననే నువ్వు మైకులో చెప్పావు గదా."

"అదే కదా నా బాధ! శాలువా కప్పింది నేనే. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?"

"నువ్వేం చేయక్కర్లేదు. అందరికీ నేనే చెబుతాను."

ఆ మధ్యాహ్నం కేరేజీలు విప్పుకున్న చోట అందరికీ చెప్పాను. మర్యాదగా విన్నారు. ఒకతను, "అయితే రాహుకాలంలో ఎక్కిందే మంచి మూటాండీ?" అనడిగాడు. అదేనన్నాను. "బాగుందండీ" అన్నాడు. అన్నం తినడం మొదలుపెట్టారు. బావ ఆ వారమే ఆవిడకు ఫోను చేశాడు, ఏమని చెప్పాడో నాకు తెలియదు, తిరిగి రమ్మన్నాడని మాత్రం తెలుసు. రానందట. ఆవిడ కొత్త ఆఫీసుకు, ఆ తప్పు ఆవిడది కాదని, లైను ఇప్పటికీ ఆవిడ రాసినట్టే నడుస్తోందని, నా పేరుతో నేను రాసి పంపాను. దానివల్ల ఆవిడ పని సరిచూడడం మానేశారో లేదో నేను అడగలేదు. అడిగే చనువు నాకు లేదు.

ఇదంతా అయ్యాక కూడా మొన్న మెట్ల మీద పాత కథే వినబడింది. కొత్త పిల్లకు ఎవరో చెబుతున్నారు. రాహుకాలం కథ నాలుగు మాటల్లో అయిపోతుంది. నిజం చెప్పాలంటే మూట, చీటీ, సొరుగు అన్నీ విప్పి చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే కూర్చుని రాశాను. ఇక ఎవరైనా ఆ కథ మొదలుపెడితే ఈ కాగితాలు చేతికిస్తాను.

కిందటి శుక్రవారం లైను పరీక్షలు ముగించి ఎప్పటిలాగే ఆగి కూర్చుంది. పదకొండు కావస్తోంది. మంచి గంట కోసం ఆగు అన్న ఆవిడ మాట ఇంకా ఆ ఫైలులో అలాగే ఉంది. ఆ కొత్త పిల్ల క్యాలెండరు చూసి, "రాహుకాలం కద్సార్, మజ్జాన్నం దాకా ఆపుదామా?" అంది. బావ గదిలోనే ఉన్నాడు. మా ఇద్దరి వైపూ చూసి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నీ ఇష్టం బావా. నేను సూడను" అన్నాడు.

నొక్కాను. సొరుగు దగ్గర కాసేపు కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు.